అక్క కోసం పలికిన మాటలు

నాన్న పోయిన ఆరో నెలలో ఒక సాయంత్రం, నలభై మందికి పైగా కూర్చున్న గదిలో, నేను నమ్మని కొన్ని మాటలను అందరికీ వినిపించేలా గట్టిగా పలికాను. నా పక్కనే నిలబడ్డ అక్క సంతోషంతో ఏడుస్తోంది. ఆ మాటలు ఏ మతానివో ఇక్కడ రాయను. రాస్తే కొందరు ఆ మతాన్ని నిందించడానికీ, మరికొందరు దాన్ని వెనకేసుకు రావడానికీ పూనుకుంటారు, నేను చెప్పదలచిన విషయం ఆ గొడవలో కొట్టుకుపోతుంది. పైగా ఇదే ఒత్తిడి సరిగ్గా ఎదురు దిశలో పనిచేయడం కూడా నేను మా ఇంట్లోనే చూశాను కాబట్టి, ఇది ఫలానా మతం వాళ్ళకే ఉన్న దుర్గుణమని అనడానికి నాకు మనసొప్పదు.

అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నన్ను పెంచింది అక్కే. నాన్న పోవడానికి నాలుగేళ్ళ ముందు, పెళ్ళై పిల్లలున్న వయసులో, అక్కా బావగారూ మతం మారారు. వాళ్ళను ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ ఆశ చూపలేదు. రెండేళ్ళ పాటు చదివి, ఆలోచించి, తమలో తాము వాదించుకుని తీసుకున్న నిర్ణయమది. అక్క ఆ సంగతి ఇంట్లో చెప్పిన రోజు నాన్న అరిచాడు, ఆ తర్వాత మాట్లాడడం మానేశాడు. అక్క ఫోన్ చేస్తే తీసేవాడు కాదు. బంధువుల్లో ఒక్కొక్కరినీ ఆమె ఇంటికి పంపించాడు. పెద్దల పరువు గురించి ఒకరు చెప్పారు, పోయిన అమ్మ ఆత్మ ఎంత క్షోభిస్తుందో ఇంకొకరు చెప్పారు, ఆస్తి ప్రస్తావన మరొకరు తెచ్చారు. "తిరిగి వస్తే ఏమీ జరగనట్టే ఉంటాం" అన్నది వాళ్ళందరూ మోసుకెళ్ళిన ఒకే కబురు.

అప్పుడు అక్క తరఫున నాన్నతో వాదించింది నేనే. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనలో 18వ అధికరణం గురించి ఆయనకు చెప్పాను. ఆలోచనా స్వేచ్ఛ, అంతరాత్మ స్వేచ్ఛ, మత స్వేచ్ఛ ప్రతి మనిషికీ ఉన్నాయని చెప్పి ఊరుకోకుండా, మతాన్ని మార్చుకునే స్వేచ్ఛ కూడా అందులో భాగమేనని ఆ అధికరణం విడమరచి చెబుతుంది. ఆ మాట అందులో ఉండాలని గట్టిగా పట్టుబట్టిన వారిలో లెబనాన్ ప్రతినిధి చార్లెస్ మాలిక్ ఒకరు. దానికి అభ్యంతరం చెప్పిన సౌదీ అరేబియా చివరి ఓటింగులో తటస్థంగా ఉండిపోయింది. 48 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు, 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి. ఇదంతా నేను ఉత్సాహంగా చెబుతుంటే నాన్న చివరిదాకా విని, "నేను మాట్లాడుతున్నది హక్కు గురించి కాదురా, నా కూతురి గురించి" అన్నాడు. నా వాదనకు జవాబు చెప్పలేక మాట దాటేస్తున్నాడని ఆ రోజు అనుకున్నాను. ఆ మాట ఎంత బరువైనదో నా మీదికి వచ్చినప్పుడు గాని నాకు తెలియలేదు.

నాన్న ఆఖరి రోజుల్లో అక్క వచ్చి పక్కన కూర్చునేది. ఆయన వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఇద్దరూ ఆ విషయం ఎత్తుకోకుండానే ఆయన వెళ్ళిపోయాడు. తాను నమ్మినదాన్ని నాన్నకు ఒక్కసారైనా ప్రశాంతంగా చెప్పలేకపోయానన్న బాధ అక్కకు మిగిలిపోయింది. నా మీద వచ్చిన ఒత్తిడికి మూలం అదేనని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆయన విషయంలో ఆలస్యం చేశాననీ, నా విషయంలో అలా జరగనివ్వకూడదనీ ఆమె నిశ్చయించుకుంది.

మొదట ఆమె అడిగింది చాలా చిన్న విషయం. "ఒక్కసారి వచ్చి కూర్చో, ఇంట్లో ఒక్కడివే ఏం చేస్తావు" అంది. వెళ్ళాను. అక్కడి మనుషులు నన్ను పేరు పెట్టి పిలిచారు. రెండోసారి వెళ్ళేసరికి నా ఉద్యోగం సంగతి, నాన్న జబ్బు సంగతి గుర్తుపెట్టుకుని అడిగారు. జ్వరం వచ్చిన వారం రోజులూ మా ఇంటికి వంతులవారీగా వచ్చి చూసుకున్నారు. ఇదంతా ఒక పథకమని ఈ రోజు కూడా నేను అనను. ఆ ఆదరణ నిజమైనదే. అయితే మనుషులు కొత్త విశ్వాసంలోకి ఎలా వెళతారన్న దాని మీద జాన్ లాఫ్లాండ్, రాడ్నీ స్టార్క్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక చిన్న మత బృందాన్ని దగ్గరి నుంచి పరిశీలించి 1965లో ప్రచురించిన విషయాన్ని నేను తర్వాత ఎంతో కాలానికి చదివాను. సిద్ధాంతం నచ్చినంత మాత్రాన జనం చేరిపోలేదనీ, లోపలి వారితో ఏర్పడిన అనుబంధం బయటి వారితో ఉన్న అనుబంధాన్ని మించినప్పుడే చేరారనీ వాళ్ళు గమనించారు. నాన్న పోయాక బయట నాకంటూ మిగిలిన అనుబంధాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. లోపల అక్క ఉంది, ఆమె పిల్లలు ఉన్నారు, నన్ను పేరు పెట్టి పిలిచే నలభై మంది ఉన్నారు.

మూడో నెల నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. "ఇంకా ఏం అడ్డొస్తోంది నీకు?" అన్న ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబు ఉండేది: నాకు నమ్మకం కలగలేదు. వాళ్ళకు అది జవాబులా వినిపించేది కాదు, ఎప్పటికప్పుడు తీర్చవలసిన సందేహంలా వినిపించేది. ఒక సందేహం తీర్చి మళ్ళీ అదే ప్రశ్న వేసేవారు. కొన్నాళ్ళకు నేను కాదన్న ప్రతిసారీ అది నా అహంకారమనీ, నాన్న మీద మొండి ప్రేమ అనీ, ఇంకా పక్వానికి రాకపోవడమనీ పేరు పెట్టడం మొదలుపెట్టారు. ఒక మనిషి చెప్పే "కాదు" అన్న మాటకు అతని లోపాన్ని కారణంగా చూపించడం మొదలైన చోట సంభాషణ ఆగిపోయినట్టే. అవతలివారు ఇంకా మాట్లాడుతూనే ఉంటారు గాని, వినేది ఏమీ ఉండదు.

ఒక రాత్రి అక్క నా చేయి పట్టుకుని, "నాన్న ఇప్పుడు ఎక్కడున్నాడో తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు, నువ్వు కూడా అక్కడికే వెళితే నేను తట్టుకోలేను" అంది. ఇన్నేళ్ళుగా విన్న మాటలన్నిటిలో నన్ను లోపలి నుంచి చీల్చిన మాట అది. అది ఆమె నన్ను బెదిరించడానికి అన్న మాట కాదు. ఆమె నిజంగానే భయపడుతోంది, నిజంగానే రాత్రుళ్ళు మేలుకుని ఉంటోంది. కోపంతో అరిచే మనిషికి ఎదురు చెప్పగలం. మన కోసం వణికిపోతున్న మనిషికి, అందులోనూ పెంచిన చేతులకు, ఎదురు చెప్పే మాట నాకు దొరకలేదు. కానీ ఆ మాట చేసిన పని మరొకటి ఉంది: నాన్నను తలచుకుని మామూలుగా ఏడ్చుకునే వీలు కూడా ఆ రాత్రి నుంచి నాకు లేకుండా పోయింది. ఆయన గుర్తొచ్చిన ప్రతిసారీ ఆయనకు పడిన శిక్ష గుర్తొచ్చేది.

ఆ తర్వాత ఒక వారానికి బావగారు చాలా మర్యాదగా, "పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, ఇంట్లోకి ఎలాంటి ప్రభావాలు రానివ్వాలో మేము ఆలోచించుకోవాలి కదా" అన్నారు. పిల్లలను నాకు దూరం చేస్తామని ఆయన నోటితో అనలేదు. అనవలసిన అవసరం కూడా రాలేదు. మరుసటి రోజు పొద్దున్నే అక్కకు ఫోన్ చేసి "సరే" అన్నాను.

ఇక ఆ సాయంత్రం సంగతి. సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950లలో చేసిన ఒక ప్రయోగం చాలామంది వినే ఉంటారు. ఒక గీత పొడవుకు సమానమైన గీతను మూడింటిలోంచి గుర్తించాలి. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగిన జవాబది. గదిలో ఉన్న మిగతా అందరూ ముందే కూడబలుక్కుని ఒకే తప్పు జవాబు చెబుతారు, ఏమీ తెలియని ఒకే ఒక్క మనిషి తన వంతు వచ్చినప్పుడు ఏం చెబుతాడన్నదే పరీక్ష. నలుగురిలో దాదాపు ముగ్గురు ఒక్కసారైనా తమ కళ్ళకు కనిపిస్తున్నదాన్ని కాదని గుంపుతో పాటు తప్పు జవాబే చెప్పారు. గీత పొడవు విషయంలోనే అలా జరిగితే, ఏడుస్తున్న అక్క పక్కన నిలబడ్డవాడి సంగతి చెప్పాలా. నేను తడబడకుండా పలికాను. అందరూ వచ్చి కౌగిలించుకున్నారు. ఆ క్షణంలో నాకు కలిగిన ఊరట ఎంత పెద్దదంటే, బహుశా విశ్వాసమంటే ఇదేనేమో అని ఒక్క రాత్రి పాటు నన్ను నేను నమ్మించుకున్నాను.

మరుసటి రోజు నుంచి నాలుగు నెలల పాటు నేను అక్కకు అబద్ధం చెబుతూ బతికాను. దైవాన్ని మోసం చేస్తున్నానన్న చింత నాకు పెద్దగా లేదు, ఆ దైవం మీద నమ్మకమే లేనప్పుడు ఆ చింత ఎక్కడి నుంచి వస్తుంది? నన్ను తినేసింది వేరే సంగతి. నా ముఖం చూసి నా మనసు చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి ఇప్పుడు నా ముఖం చూసి మురిసిపోతోంది, ఆ ముఖం నిజం కాదు. ప్రార్థన ఎలా సాగుతోందని ఆమె అడిగినప్పుడల్లా నేను ఏదో ఒకటి అల్లి చెప్పేవాణ్ణి. నేను దగ్గరయ్యానని ఆమె అనుకుంటున్న ఆ నాలుగు నెలలే మా ఇద్దరి మధ్య అన్నిటికంటే ఎక్కువ దూరం ఉన్న కాలం.

ఆ రోజుల్లోనే పియర్ బేల్ అనే తత్వవేత్త జీవితం గురించి చదివాను. 17వ శతాబ్దపు ఫ్రాన్సులో ఒక ప్రొటెస్టెంట్ బోధకుడి కొడుకు ఆయన. చదువుకునే రోజుల్లో 1669లో కేథలిక్ మతంలోకి మారి, పద్దెనిమిది నెలలు తిరగకముందే 1670లో మళ్ళీ వెనక్కి వచ్చాడు. అలా వెనక్కి రావడం అక్కడి చట్టం దృష్టిలో నేరం కాబట్టి దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంట్లకు అప్పటిదాకా ఉన్న రక్షణను రద్దు చేశాడు, ఆ ఏడాదే బేల్ అన్నగారు జైలులో ప్రాణం విడిచాడు. మరుసటి ఏడాది బేల్ రాసిన పుస్తకం బైబిల్‌లోని ఒక ఉపమానంలో వచ్చే "లోపలికి వచ్చేలా బలవంతపెట్టు" అన్న వాక్యం గురించి. అంతకు పన్నెండు వందల ఏళ్ళకు పైగా ముందు, 408 ప్రాంతంలో, అగస్టీన్ అనే క్రైస్తవ మతాచార్యుడు అదే వాక్యాన్ని చూపించి బలవంతాన్ని సమర్థించాడు. మొదట్లో తానూ బలవంతానికి వ్యతిరేకినేననీ, దాని ఫలితాలు చూశాక అభిప్రాయం మార్చుకున్నాననీ కూడా రాశాడు. బేల్ దాన్ని ఒప్పుకోలేదు. విశ్వాసమనేది మనసు తనంతట తాను ఒప్పుకోవడమనీ, బలవంతం వల్ల పుట్టేది బయటికి కనిపించే నటన మాత్రమేననీ, కాబట్టి బలవంతం చేసేవారు తాము సేవిస్తున్నామనుకునే దైవానికే కపట భక్తులను తయారుచేసి ఇస్తున్నారనీ ఆయన వాదించాడు. మా అక్క రాజూ కాదు, నాకు జైలు భయమూ లేదు. అయినా ఆమె దైవానికి నా ద్వారా చేరింది కపట భక్తే.

నన్ను అందులోంచి బయటకు తెచ్చినవాడు, చాలామంది ఊహించేదానికి భిన్నంగా, ఆ మతానికే చెందిన నా పాత స్నేహితుడు. పుట్టుకతోనే ఆ విశ్వాసంలో పెరిగినవాడు, నిష్ఠగా పాటించేవాడు. నేను మారానని తెలిసి సంతోషంగా ఫోన్ చేశాడు గాని, రెండు నిమిషాలు మాట్లాడాక ఆగి, "నిజంగా నమ్మే ఈ పని చేశావా?" అని అడిగాడు. అంత సూటిగా నన్ను ఎవరూ అడగలేదు. లేదని చెప్పాను. "అయితే ఆ మాటలు వెనక్కి తీసుకో. నేను ప్రాణంగా చూసుకునే మాటలు అవి, నువ్వు వాటిని మీ అక్కను ఊరుకోబెట్టడానికి వాడకు" అన్నాడు. ఆష్ ప్రయోగంలో ఇంకో భాగం ఉంది: గదిలో సరైన జవాబు చెప్పేవాడు ఇంకొక్కడు ఉన్నా చాలు, గుంపుకు లొంగిపోయేవారి సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. నాకు ఆ ఒక్కడు ఇతనే అయ్యాడు.

మతం విషయంలో బలవంతం లేదని ఖురాన్ రెండవ సూరాలోని 256వ వాక్యం అంటుంది. తన మతాన్ని పొగుడుకోవడానికి ఇతరుల మతాన్ని కించపరిచేవాడు తన మతానికే ఎక్కువ హాని చేస్తున్నాడని క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు తన పన్నెండవ శిలాశాసనంలో చెక్కించాడు. ఎవరినీ వారి అంతరాత్మకు వ్యతిరేకంగా నడిచేలా బలవంతపెట్టకూడదని 1965 డిసెంబరులో కేథలిక్ మతపెద్దల రెండవ వాటికన్ మహాసభ ప్రకటించింది. ఇన్ని చోట్ల ఇన్ని కాలాల్లో చెప్పవలసి వచ్చిందంటే, ఇన్ని చోట్లా బలవంతం జరుగుతూనే ఉందన్నమాట. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో కూడా 18వ అధికరణమే, దాని రెండవ భాగంలో, తనకు నచ్చిన మతాన్ని కలిగి ఉండే స్వేచ్ఛను దెబ్బతీసే ఒత్తిడికి ఎవరినీ గురిచేయరాదని ఉంది. ఆ ఒత్తిడిలోకి ఏవేవి వస్తాయో 1993లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ వివరిస్తూ, దెబ్బల భయం, శిక్షల భయంతో పాటు చదువు, వైద్యం, ఉద్యోగం అందకుండా చేయడాన్ని కూడా చేర్చింది. ఇంట్లో అక్క ఏడవడం ఆ వివరణలోకి రాదు, రాకూడదు కూడా. నాన్న అన్నది ఇదే. హక్కుల పత్రం గడప దాకా వచ్చి ఆగుతుంది, గడప లోపల మాట్లాడవలసినది మనమే.

మాట్లాడాను. ఎదురుగా కూర్చుని, "అక్కా, ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు. నిన్ను పోగొట్టుకుంటానని భయపడి చెప్పాను" అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న నేను ఊహించనిది: "నాన్న నన్ను చేసినట్టు నేను నిన్ను చేశానా?" అవునని చెప్పడానికి నాకు నోరు రాలేదు, కాదనడానికి ఇంకో అబద్ధం కావాలి. మౌనంగా ఉండిపోయాను. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. పదకొండు నెలలు మా మధ్య మాటలు లేవు.

ఆ పదకొండు నెలల్లో ఎన్నోసార్లు తప్పు చేశాననిపించింది, అబద్ధమే నయం కదా అనిపించిన రాత్రులూ ఉన్నాయి. ఇలాంటి స్థితిలోనే ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, నేను చేసినట్టే చేయమని చెప్పే ధైర్యం నాకు లేదు. నాకు నా సంపాదన ఉంది, నా ఇల్లు ఉంది. ఆ రెండూ ఇంకొకరి చేతిలో ఉన్నవారు, దెబ్బలకు భయపడేవారు, ఇల్లు వదిలి వెళ్ళలేని వయసులో ఉన్నవారు ముందు తమ ప్రాణాన్నీ బతుకుతెరువునూ చూసుకోవాలి. అలాంటివారు పలికిన మాటలకు వారిని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. నా వంటి స్థితిలో ఉన్నవారికి మాత్రం రెండు మాటలు చెప్పగలను. గ్రంథాల మీద వాదనకు దిగకండి, వాదిస్తున్నంత సేపూ మీరింకా ఒప్పుకోబోతున్నారనే అవతలివారు అనుకుంటారు. "ఈ విషయం నేను ఆలోచించాను, నాకు నమ్మకం లేదు, నీ మీద ప్రేమ ఉంది" అన్న ఒక్క మాటనే, స్వరం పెంచకుండా, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పండి. దుఃఖంలో ఉన్నప్పుడు, జబ్బు చేసినప్పుడు, పెళ్ళి ముహూర్తం దగ్గరపడినప్పుడు ఎవరు అడిగినా జవాబును వాయిదా వేయండి. మూడు నెలలు ఆగితే చెడిపోయే విశ్వాసం ఎలాంటి విశ్వాసం?

తాము నమ్మినదాన్ని పంచుకోవాలనుకునే వారి మీద నాకు కోపం లేదు. అంత విలువైనది దొరికిందనుకున్న మనిషి తన వాళ్ళకు చెప్పకుండా ఎలా ఉంటాడు? చెప్పాలి. వినమని అడగాలి. విన్నవాడు కాదన్నాక కూడా అతను ముందు రోజు ఎంత దగ్గరివాడో మరుసటి రోజూ అంతే దగ్గరివాడిగా ఉండాలి. నాన్న అక్క విషయంలో చేయలేకపోయిందీ, అక్క నా విషయంలో చేయలేకపోయిందీ ఇదే. ఇద్దరూ ప్రేమ తక్కువై ఆ పని చేయలేదు. అందుకే వాళ్ళను క్షమించడం సులువైంది గాని, వాళ్ళతో బతకడం చాలా కష్టమైంది.

మొన్న నాన్న పోయిన రోజు వచ్చింది. దానికి వారం ముందు అక్క తనంతట తానే ఫోన్ చేసి, "వస్తావా?" అని అడిగింది. వెళ్ళాను. నాన్న ఫోటో ఎదురుగా అందరం కూర్చున్నాం. అక్క, బావగారు, పిల్లలు వాళ్ళ పద్ధతిలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. నేను నాన్న ముఖం చూస్తూ కూర్చున్నాను. ఎన్నో నెలల తర్వాత ఆయన నాకు మామూలుగా, మా నాన్నలాగే కనిపించాడు. ప్రార్థన పూర్తయ్యాక చిన్నవాడు నా వైపు తిరిగి, "అమ్మా, మామయ్య కళ్ళు మూసుకోలేదు ఎందుకు?" అని అడిగాడు. బావగారు ఏదో అనబోయారు. అక్క ఆయన చేతి మీద చేయి వేసి, "మామయ్య తాతయ్యను చూడడానికి వచ్చాడురా" అంది.